న్యూయార్క్‌కు ముందు న్యూ ఆమ్‌స్టర్‌డామ్: ఆ ఊరు పోరాడకుండా ఎందుకు లొంగిపోయింది?

చరిత్రప్రియ

అందరికీ నమస్కారం. మన వేదికలో స్పెయిన్ వలసల మీద, ఫ్రెంచి వలసల మీద మంచి చర్చలు జరిగాయి. డచ్చివారు ఉత్తర అమెరికాలో నెలకొల్పిన న్యూ నెదర్లాండ్ మీద మాత్రం ఒక్కటీ కనబడలేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నాను.

కథ స్థూలంగా ఇది. 1609లో హెన్రీ హడ్సన్ అనే ఇంగ్లీషు నావికుడు డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో ‘హాల్వ్ మాన్’ అనే ఓడ ఎక్కి, ఆసియాకు దగ్గరి దారి వెతుకుతూ, ఇప్పుడు ఆయన పేరే పెట్టుకున్న నదిలో నేటి ఆల్బనీ దాకా వెళ్ళాడు. దారి దొరకలేదు గానీ బీవర్ అనే నీటి జంతువు తోళ్ళు దొరుకుతాయని తెలిసింది. 1621లో వెస్టిండియా కంపెనీ పుట్టింది. 1624లో సుమారు 30 కుటుంబాలు వచ్చి దిగాయి. వారిలో ఎక్కువమంది ఫ్రెంచి మాట్లాడే వాలూన్ ప్రొటెస్టెంట్లు. మరుసటి ఏడు మన్‌హట్టన్ దక్షిణపు కొసన కోట పని మొదలైంది. దాని చుట్టూ పెరిగిన ఊరే న్యూ ఆమ్‌స్టర్‌డామ్.

అక్కడి నుంచి 40 ఏళ్ళు తిరగకముందే, 1664లో, నాలుగు ఇంగ్లీషు ఓడలు రేవు దగ్గర లంగరు వేయగానే ఊరు లొంగిపోయింది. ఒక్క ఫిరంగి పేలలేదు. గవర్నరు పీటర్ స్టైవెసంట్ పోరాడదామన్నా ఊరివాళ్ళు వద్దన్నారు. భయపడ్డారని ఒక్క మాటలో తేల్చేయడం నాకు సరిపోదు. అక్కడ రోజువారీ బతుకు ఎలా సాగిందో తెలిస్తేనే దీనికి జవాబు దొరుకుతుందని నా నమ్మకం. తెలిసినవారు వివరంగా రాయండి. రాజుల వంశవృక్షాలు వద్దు. ఏం తిన్నారు, దేనితో కొన్నారు, ఎవరి మీద ఎవరు ఫిర్యాదు చేశారు, అలాంటివి కావాలి.

బందరువాసి

చరిత్రప్రియ గారూ, ముందుగా ఒక్క విషయం గుర్తు పెట్టుకోవాలి. అది రాజు పాలించిన ఊరు కాదు, కంపెనీ కొట్టు చుట్టూ పెరిగిన ఊరు. మా బందరులో ఇప్పటికీ వలందపాలెం, ఇంగిలీషుపాలెం, పరాసుపేట ఉన్నాయి కనుక ఈ సంగతి నాకు దగ్గరగా అనిపిస్తుంది. గోల్కొండ సుల్తాను అనుమతితో డచ్చివారు 1606లో బందరులో గిడ్డంగి పెట్టారు, ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. ఇక్కడ వ్యాపారం చేసింది ఈస్టిండియా కంపెనీ. మన్‌హట్టన్‌ది వెస్టిండియా కంపెనీ. వాటాదారులు వేరు, ఖాతాలు వేరు. అయితే రెండు చోట్లా యజమానులు చూసేది ఓడ తిరిగి వచ్చినప్పుడు అందులో ఏముందనే.

దానికి ఒక ఉత్తరం సాక్ష్యంగా మిగిలింది. 1626 నవంబరు 5న పీటర్ స్కాగెన్ అనే అధికారి హేగ్‌లోని ప్రభుత్వ సభకు రాసింది. ‘వాపెన్ వాన్ ఆమ్‌స్టర్‌డామ్’ అనే ఓడ నిన్న చేరింది, అక్కడ మనవాళ్ళు ధైర్యంగా, ప్రశాంతంగా ఉన్నారు, స్త్రీలు పిల్లల్ని కన్నారు, మన్‌హట్టన్ దీవిని స్థానికుల నుంచి 60 గిల్డర్ల (డచ్చి నాణేలు) విలువకు కొన్నారు అంటూ గబగబా చెప్పుకుపోతాడు. మే నెల నడుమ విత్తనాలు చల్లి ఆగస్టు నడుమ కోత కోశారట. గోధుమ, రై, బార్లీ, ఓట్లు, చిక్కుడు, అవిసె వంటి వాటి నమూనాలు పంపారు. ఆ తర్వాత సరుకు పట్టీ: 7,246 బీవర్ తోళ్ళు, వందల కొద్దీ నీటికుక్క తోళ్ళు, ఇంకా మింక్, లింక్స్ తోళ్ళు, ఓక్ దుంగలు.

దీవి కొనుగోలుకు ఒక్క వాక్యం, తోళ్ళకు పద్దు మొత్తం. కంపెనీ కళ్ళకు ఏది ముఖ్యమో ఆ కాగితమే చెబుతోంది.

కొండవాగు

60 గిల్డర్ల మాట వచ్చింది కనుక ఆగలేకపోతున్నాను. మన పత్రికల్లో, వాట్సాప్‌లో ‘24 డాలర్లకు, గుప్పెడు పూసలకు మన్‌హట్టన్ అమ్మేసిన అమాయకులు’ అని తిప్పుతుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. 24 డాలర్ల లెక్క 19వ శతాబ్దంలో ఎవరో కట్టింది. స్కాగెన్ ఉత్తరంలో పూసలు లేవు, సరుకేమిటో చెప్పనే లేదు. దస్తావేజు మిగల్లేదు.

ఆ తీరంలో ఉన్నది లెనాపే జనం. వేసవిలో ఒకచోట చేపలు పట్టి, మొక్కజొన్న పండించి, చలికాలం మరోచోట వేటాడి బతికేవారు. నేలను వాడుకునే హక్కు వారికి తెలుసు. కానుకలు పుచ్చుకుని మరొకరిని కూడా వాడుకోనివ్వడం తెలుసు. శాశ్వతంగా వదులుకుని, మళ్ళీ అడుగు పెడితే దొంగతనమనిపించుకునే అమ్మకం వారి ఆచారంలో లేదు. కనుక వాళ్ళు మోసపోయిన అమాయకులు కారు. తమ పద్ధతిలో తాము ఒప్పందం చేసుకున్నారు. ఆ తర్వాత కూడా వాళ్ళు దీవికి వస్తూ పోతూనే ఉన్నారు. చిక్కు వచ్చిందల్లా డచ్చివారి పశువులు కంచెలు లేని మొక్కజొన్న చేలలో పడి మేసినప్పుడు.

జెర్సీతెలుగు

కొండవాగు గారు చెప్పిన చిక్కు ఎక్కడికి దారితీసిందో నేను రాస్తాను. నేనుండేది జెర్సీ సిటీలో. ఇక్కడ మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. హడ్సన్‌కు ఈవలి గట్టున రోజూ రైలు పట్టుకునే వారిలో చాలామందికి ఈ నేల కథ తెలియదు.

1629లో కంపెనీ ఒక పథకం పెట్టింది. నాలుగేళ్ళలో 15 ఏళ్ళు దాటినవారిని 50 మందిని తెచ్చి దింపగలిగిన మదుపరికి నది ఒడ్డున పెద్ద జమీ ఇస్తారు, అతన్ని పెట్రూన్ అంటారు. ఈ గట్టున మైకేల్ పావ్ అనే డచ్చి ధనికుడికి దక్కిన జమీ పేరు పావోనియా. అది నిలబడలేదు, కంపెనీయే తిరిగి కొనుక్కుంది. నిలబడింది ఎగువన ఆల్బనీ చుట్టూ ఉన్న రెన్సెలర్‌విక్ ఒక్కటే. దాని యజమాని కిలియన్ వాన్ రెన్సెలర్ ఆమ్‌స్టర్‌డామ్‌లో వజ్రాల వర్తకుడు, ఒక్కసారి కూడా అమెరికా చూడలేదు. ఉత్తరాలతోనే జమీ నడిపాడు.

ఇక 1638లో వచ్చిన గవర్నరు విలెం కీఫ్ట్ చుట్టుపక్కల జనం కోటకు మొక్కజొన్న, తోళ్ళు, వాంపమ్ పూసలు పన్నుగా కట్టాలన్నాడు. మా నేల మీద మాకే పన్నా అని వాళ్ళు తిరగబడ్డారు. 1643 చలికాలంలో ఉత్తరాది తెగల దాడికి భయపడి కొందరు లెనాపేలు పావోనియాకు వచ్చి తలదాచుకున్నారు. ఒక రకంగా డచ్చివారి అండ కోరుకుని వచ్చినవారే. ఫిబ్రవరి 25 రాత్రి కీఫ్ట్ సైనికులను పంపి నిద్రలో ఉన్నవాళ్ళను చంపించాడు. ఈ గట్టున 80 మంది, మన్‌హట్టన్ వైపు కోర్లేర్స్ హుక్ దగ్గర మరో 40 మంది. ముందే వద్దని వాదించిన డేవిడ్ డి వ్రీస్ అనే డచ్చి భూస్వామి ఆ రాత్రి గవర్నరు ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని, నదికి అవతల నుంచి కేకలు విన్నానని రాసి పెట్టాడు. పసిపిల్లలను కూడా వదల్లేదని రాశాడు.

దాని తర్వాత రెండేళ్ళు యుద్ధం. పొలాలు తగలబడ్డాయి, వలసదారులు కోటలోకి పరుగెత్తారు. 1645 ఆగస్టులో గానీ సంధి కుదరలేదు. ఊరి పెద్దలే కీఫ్ట్ మీద హాలండ్‌కు ఫిర్యాదులు పంపారు. చరిత్రప్రియ గారూ, మీ ప్రశ్నకు ఇది మొదటి జవాబు. కంపెనీ గవర్నరు యుద్ధం మొదలుపెడితే తగలబడేది తమ ఇళ్ళేనని ఆ ఊరికి అప్పటికే అనుభవం ఉంది.

రొట్టెపొయ్యి

ఏం తిన్నారని అడిగారు కదా! నాకు ఇష్టమైన చోటు అదే.

గోధుమ, రై పండాయి. అయితే మొక్కజొన్న పిండిని పాలలో ఉడికించిన జావ, సపాన్ అనేవారు, స్థానికుల దగ్గర నేర్చుకుని ఇంటింటా తాగారు. జింక మాంసం, అడవి టర్కీ, ఆయిస్టర్లు కావలసినన్ని. పందులు వీధుల్లోనే తిరిగేవి. కోట మట్టిగోడలను కుళ్ళగించి పాడుచేస్తున్నాయని అధికారులు మళ్ళీ మళ్ళీ ఆజ్ఞలు వేశారు. అదే ఆజ్ఞ పదేపదే వేశారంటే ఎవరూ లెక్కచేయలేదనే కదా. మరుగుదొడ్ల నోళ్ళు వీధి మట్టానికి తెరిచి, అందులోది పందులకు వదిలేస్తున్నారని ఒక ఆజ్ఞలో తిట్టారు. చెత్త, చచ్చిన జంతువులు వీధిలోనూ కాలువలోనూ వేయరాదని 1657లో నిషేధించారు. ఆ కాలువను తర్వాత పూడ్చారు. ఇప్పుడది బ్రాడ్ స్ట్రీట్.

రొట్టె సంగతి వినండి. 1649లో గవర్నరు సభ తెల్లరొట్టె చేసి అమ్మరాదని ఆజ్ఞ ఇచ్చింది. కారణం ఏమిటంటే, తెల్లరొట్టెకు, తీపి రొట్టెకు స్థానికులు మంచి ధర ఇస్తున్నారు. రొట్టెలవాళ్ళు మంచి పిండి అంతా వాళ్ళకు ఖర్చుచేసి, ఊరివాళ్ళకు పొట్టు రొట్టె మిగిలిస్తున్నారు. లెనాపేలు అడవిలో ఎక్కడో దూరంగా ఉండేవారని ఊహించుకుంటాం గానీ, వాళ్ళు రోజూ అంగడికి వచ్చి, మంచి సరుకు ఎంచుకుని, ఊరివాళ్ళ కంటే ఎక్కువ ధర పెట్టి కొనుక్కుపోయిన ఖాతాదారులు.

తాగడం చెప్పనక్కర్లేదు. 1648లో స్టైవెసంట్ వేసిన ఆజ్ఞలోనే ఉంది, ఊళ్ళో ఇళ్ళు దాదాపు నాలుగో వంతు సారాయి, పొగాకు, బీరు అమ్మే దుకాణాలయ్యాయని. రాత్రి తొమ్మిది గంట కొడితే మూయాలి, ఆదివారం ప్రార్థన అయ్యే దాకా తెరవరాదు. 1642లో కోటలో చర్చి కట్టడానికి చందాలు ఎలా పోగయ్యాయో తెలుసా? పాదరీ గారింట్లో ఒక పెళ్ళి జరిగింది. విందులో నాలుగైదు విడతలు మద్యం తిరిగాక గవర్నరు చందా కాగితం తీశాడు. ఒకరిని మించి ఒకరు పెద్ద మొత్తాలు రాశారు. తెల్లారాక కొందరు పశ్చాత్తాపపడినా కట్టక తప్పలేదు. ఇది 1649లో ఊరివాళ్ళు హాలండ్‌కు పంపిన ఫిర్యాదులో ఉంది.

నిప్పు భయం వేరే ఉంది. కలప చిమ్నీలు, గడ్డి కప్పులు. 1648 నుంచి నలుగురు తనిఖీదార్లు ఇల్లిల్లూ తిరిగి మసి పట్టిన చిమ్నీలకు జరిమానా వేసేవారు. ఆ జరిమానాలతో నిచ్చెనలు, కొక్కేలు, తోలు బకెట్లు సమకూర్చుకున్నారు. బకెట్లు కుట్టింది ఊళ్ళో చెప్పులు కుట్టేవాళ్ళే. 1658లో రాత్రి గస్తీ మొదలైంది. గస్తీవాళ్ళు చేతిలో కర్ర గిలకలు గిరగిర తిప్పుతూ తిరిగేవారు.

పైసాలెక్క

కొత్త సభ్యుణ్ణి. చర్చ బాగా సాగుతోంది, ఒక సందేహం. వాంపమ్‌తో పన్ను కట్టమన్నారని జెర్సీతెలుగు గారు రాశారు. పూసలు డబ్బెలా అయ్యాయి? నాణేలు లేవా?

బందరువాసి

పైసాలెక్క గారూ, నాణేలు చాలా తక్కువ. వచ్చిన వెండి సరుకు కోసం మళ్ళీ హాలండ్ వెళ్ళిపోయేది. అందుకని మూడు రకాల డబ్బు నడిచింది: గిల్డర్లలో లెక్క రాసేవారు, పెద్ద చెల్లింపులు బీవర్ తోళ్ళలో చేసేవారు, రొట్టెకూ బీరుకూ వాంపమ్. డచ్చివారు దాన్ని సీవాన్ అనేవారు.

ఇది గాజు పూస కాదు. లాంగ్ ఐలాండ్ తీరంలోని స్థానికులు తెల్లపూసను శంఖం జాతి గవ్వ నుంచీ, ఊదారంగు పూసను క్వాహాగ్ అనే ఆలుచిప్ప అంచు నుంచీ చెక్కి, రాతి మీద అరగదీసి, నిలువునా బెజ్జం వేసేవారు. చిప్ప గట్టిది, తొందరపడితే పగిలిపోతుంది. ఎగువనున్న ఇరోక్వా తెగలకు ఇవి ప్రాణం. సంధి మాట, సంతాపం మాట పూసల పట్టీ చేతిలో పెట్టి చెప్పాలి, లేకపోతే ఆ మాటకు విలువ లేదు. కనుక తీరంలో సరుకిచ్చి పూసలు కొని, ఎగువన పూసలిచ్చి తోళ్ళు కొనడం డచ్చి వ్యాపారానికి ఆయువుపట్టు.

ఇనుప ములుకులు వచ్చాక పూసల తయారీ పెరిగింది. న్యూ ఇంగ్లండ్ నుంచి కూడా వచ్చి పడ్డాయి. సగం చెక్కినవీ, విరిగినవీ, దారానికి గుచ్చనివీ చేరాయి. 1641లో కీఫ్ట్ మంచి పూసలు నాలుగు ఒక స్టైవర్‌కు, నాసివి ఐదు ఒక స్టైవర్‌కు అని ధర కట్టాడు. 1650 నాటికి తెల్లవి ఆరు, ఊదావి మూడు ఇస్తేనే ఒక స్టైవర్. గిల్డర్‌కు 20 స్టైవర్లు. కంపెనీ జీతగాడికి చేతికి వచ్చేవి పూసలు, ఓడ సరుకు కొనాలంటే మాత్రం బీవర్ లెక్క. నడుమ నలిగిపోయింది అతనే.

తీరకాంత

ఇంతసేపూ ఆడవాళ్ళు ‘పిల్లల్ని కన్నారు’ అన్న ఒక్క మాటలోనే ఉన్నారు. మిగతాది నేను రాస్తాను.

డచ్చి చట్టంలో పెళ్ళయిన స్త్రీ పుట్టింటి పేరు ఉంచుకోవచ్చు. భార్యాభర్తలు ఆస్తిని ఉమ్మడిగా ఉంచుకుని కలిసి వీలునామా రాయవచ్చు. కావాలంటే ముందే ఒప్పందం రాసుకుని తన ఆస్తి తాను ఉంచుకోవచ్చు. వ్యాపారం చేయవచ్చు, బాకీ రాకపోతే తానే కోర్టుకు వెళ్ళవచ్చు. కోర్టు పద్దుల్లో సారాయి దుకాణాల వాళ్ళు, బట్టల వర్తకులు, మంత్రసానులు, ఒకరినొకరు నోటికొచ్చినట్టు తిట్టుకున్నవాళ్ళు, ఎంతోమంది స్త్రీలు స్వయంగా నిలబడి మాట్లాడతారు.

మార్గరెట్ హార్డెన్‌బ్రూక్ 1659లో బంధువు తరఫున వర్తకం చేయడానికి వచ్చింది. మొదటి భర్త పోయాక అతని వ్యాపారం చేపట్టింది, తర్వాత ఫ్రెడరిక్ ఫిలిప్స్‌ను పెళ్ళాడింది, సొంత ఓడలు నడిపింది. 1679లో ఆమె ఓడ ‘చార్లెస్’లో ప్రయాణించిన ఒక మతబోధకుడు తన దినచర్యలో ఆమె పిసినారితనం గురించి కోపంగా రాశాడు. నావికుడి చేతిలోని తుడుపుగుడ్డ కర్ర సముద్రంలో పడిపోతే, దాని కోసం ఓడ ఆపించి పడవ దింపించిందట! ఆయనకు అది లోభం. నాకు మాత్రం తన సరుకు మీద తన అధికారం తెలిసిన యజమానురాలు కనబడుతుంది. అయితే ఒక్కటి మరవకూడదు. ఆ కుటుంబం సంపదలో బానిసల వ్యాపారం సొమ్ము కూడా ఉంది.

ఇంగ్లీషు చట్టం నెమ్మదిగా పట్టు బిగించాక ఈ హక్కులు ఒక్కొక్కటే జారిపోయాయి. పెళ్ళయిన స్త్రీ పేరిట ఆస్తి, ఒప్పందం, వ్యాజ్యం అన్నీ భర్తవే అయ్యాయి. 1664లో ‘ఏమీ మారలేదు’ అనేవారు ఎవరికి మారలేదో కూడా చెప్పాలి.

చరిత్రప్రియ

తీరకాంత గారూ, ఎంత బాగా చెప్పారు! బానిసల మాట ఎత్తారు కనుక, అక్కడ కొందరు బానిసలకు ఇచ్చిన ‘సగం స్వేచ్ఛ’ గురించి తెలిసినవారు రాస్తారా? ఆ ఏర్పాటు నాకు సరిగ్గా అర్థం కాలేదు.

కొండవాగు

నేను రాస్తాను, ఇది తప్పక రాయవలసింది.

1626 ప్రాంతంలో కంపెనీ 11 మంది ఆఫ్రికన్ పురుషులను తెచ్చింది. కోట కట్టింది, అడవి నరికింది, రోడ్డు వేసింది, దుంగలు కోసింది వాళ్ళే. పేర్లు కాగితాల్లో మిగిలాయి: పాలో ఆంగోలా, సైమన్ కాంగో, ఆంథొనీ పోర్చుగీజ్, పీటర్ సాంటొమీ, పెద్ద మాన్యుయెల్, చిన్న మాన్యుయెల్... వారి తల్లులు పెట్టిన పేర్లు ఏవీ లేవు.

1641లో ఒక హత్య జరిగింది. తొమ్మిది మంది కలిసి మేమే చంపామన్నారు. తొమ్మిది మంది పనివాళ్ళను ఉరితీస్తే నష్టం కంపెనీకే, అందుకని చీటీ వేశారు. అది మాన్యుయెల్ డి గెరిట్ డి రూస్ అనే భారీ మనిషికి పడింది. ఉరి వేస్తే రెండు తాళ్ళూ తెగిపోయాయి. చూడవచ్చిన జనం క్షమించమని అరిచారు, వదిలేశారు.

1644లో ఆ మనుషులే కంపెనీకి అర్జీ పెట్టుకున్నారు. 18, 19 ఏళ్ళు సేవ చేశాం, పెళ్ళాం పిల్లలు ఉన్నారు, విడిచిపెట్టండి అని. ఫిబ్రవరి 25న కీఫ్ట్ ఒప్పుకున్నాడు. జెర్సీతెలుగు గారు చెప్పిన పావోనియా హత్యలకు సరిగ్గా ఏడాది తర్వాత. షరతులేమిటో చూడండి: ఒక్కొక్కరూ ఏటా 30 కొలతల ధాన్యం, ఒక బలిసిన పంది కంపెనీకి కట్టాలి. కట్టకపోతే మళ్ళీ బానిసత్వం. పిలిచినప్పుడు కూలి తీసుకుని పనికి రావాలి. పుట్టిన పిల్లలూ, పుట్టబోయే పిల్లలూ మాత్రం కంపెనీ బానిసలే.

వాళ్ళకు భూములిచ్చిన చోటు కూడా చూడండి. ఊరికి ఉత్తరాన, నేటి వాషింగ్టన్ స్క్వేర్ చుట్టుపక్కల. అప్పుడు యుద్ధం నడుస్తోంది. లెనాపేలు దాడి చేస్తే ముందు తగిలేది ఆ పొలాలకే. దీన్ని ఉదారత అనేవారితో నాకు ఎంతమాత్రం అంగీకారం లేదు.

పాతపటం

ఆలస్యంగా చేరుతున్నాను. ఉదారత అనకపోయినా, ఆ ఊరిలో సహనం ఉందన్నది కాదనలేం కదా? 1643లో అక్కడికి వచ్చిన జెసూయిట్ పాదరీ ఐజక్ జోగ్ 18 భాషలు వినబడుతున్నాయని రాశాడు. ఊరంతా కలిపి నాలుగైదు వందల మగవాళ్ళు! బోస్టన్‌లో అదే కాలంలో మతం తేడా వస్తే ఊరి నుంచి వెళ్ళగొట్టేవారు. న్యూయార్క్ న్యూయార్క్ అయింది ఈ డచ్చి గుణం వల్లనే అని నా అభిప్రాయం.

బందరువాసి

పాతపటం గారూ, భాషల సంగతి నిజం. సహనం పైనుంచి దిగి వచ్చిందనడం మాత్రం ఒప్పుకోను. అడిగి, పోరాడి, అర్జీలు పెట్టి సాధించుకున్నారు.

1654లో బ్రెజిల్‌లోని రెసిఫె పోర్చుగీసుల చేతికి చిక్కాక 23 మంది యూదులు ఇక్కడికి చేరారు. స్టైవెసంట్ వెళ్ళగొడతానని కంపెనీకి రాశాడు. ఆమ్‌స్టర్‌డామ్ యూదులు కంపెనీకి ఎదురు అర్జీ ఇచ్చారు. 1655లో కంపెనీ ఉండనివ్వమంది. బ్రెజిల్‌లో వారు పడ్డ నష్టం ఒక కారణం, కంపెనీలో యూదుల వాటాలు ఇంకో కారణం అని ఆ ఉత్తరంలోనే ఉంది. పేదవాళ్ళ భారం వాళ్ళే చూసుకోవాలన్నది షరతు. గస్తీకి కూడా రానివ్వకుండా, దాని బదులు పన్ను వేశారు. అసర్ లెవీ అనే ఆయన గస్తీ హక్కు కోసం పట్టుబట్టి సాధించాడు. 1657లో పౌరహక్కు కూడా గెలుచుకున్నాడు.

అదే 1657 డిసెంబరు 27న దగ్గరలోని ఫ్లషింగ్ ఊరివాళ్ళు సుమారు 30 మంది, క్వేకర్లకు (వేరే క్రైస్తవ శాఖవారికి) ఒక్క రాత్రి ఆశ్రయమిచ్చినా జరిమానా అన్న ఆజ్ఞను పాటించలేమని సంతకాలు చేశారు. వాళ్ళు క్వేకర్లు కారు. యూదులు, తురుష్కులు కూడా దైవప్రేమకు దూరం కారని రాశారు. ఫలితం? స్టైవెసంట్ ఆ ఊరి అధికారులను ఖైదు చేశాడు. 1662లో జాన్ బౌన్ అనే రైతును తన ఇంట్లో క్వేకర్ల సభ జరగనిచ్చినందుకు పట్టుకుని దేశం దాటించాడు. అతను ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి కంపెనీ ముందే వాదించి గెలిచాడు. కంపెనీ 1663లో రాసిన ఉత్తరంలో అంతరాత్మ స్వేచ్ఛ మాటతో పాటు, మరీ కట్టుదిట్టం చేస్తే జనం రావడం తగ్గిపోతుందన్న మాట కూడా ఉంది.

పాతపటం

కంపెనీ ఎందుకు ఒప్పుకుందన్నది ఒక ప్రశ్న, ఒప్పుకుందన్నది వాస్తవం. వాటాల కోసమైనా, జనం కోసమైనా ఆమ్‌స్టర్‌డామ్ తలుపు తీసి పెట్టింది. సముద్రం దాటి వెళ్ళి వాదిస్తే వినే చోటు ఒకటి ఉందని బౌన్‌కు నమ్మకం ఉంది. అదే కాలంలో బోస్టన్ క్వేకర్లను ఉరి తీసింది. ఈ తేడాను చిన్నది చేయకండి.

ఊరి పాలన కూడా అలాగే వచ్చింది. ఆడ్రియాన్ వాన్ డెర్ డాంక్ అనే యువ న్యాయవాది 1649లో ఊరివాళ్ళ ఫిర్యాదును రాసి, హేగ్‌కు తానే తీసుకువెళ్ళాడు. కంపెనీ జనాన్ని జీతగాళ్ళలా చూస్తోంది, గవర్నరు మాటే చట్టం అయింది అని. ఇంచుమించు గెలిచాడు. స్టైవెసంట్‌ను వెనక్కి పిలిచే ఆజ్ఞ కూడా వచ్చింది. ఇంతలో 1652లో ఇంగ్లండ్‌తో యుద్ధం రావడంతో ఆజ్ఞ రద్దయింది. అయినా 1653 ఫిబ్రవరి 2న ఊరికి పురపాలన దక్కింది. ఇద్దరు బర్గమాస్టర్లు (నగరాధ్యక్షులు), ఐదుగురు షెపెన్లు (న్యాయాధికారులు) పాత సారాయి సత్రంలో కూర్చుని తీర్పులు చెప్పారు. అదే ఏడు ఇంగ్లీషు దండు భయంతో ఊరికి ఉత్తరపు అంచున కొయ్య గోడ కట్టారు. దాని వెంట ఉన్న దారే వాల్ స్ట్రీట్.

జెర్సీతెలుగు

ఇప్పుడు చరిత్రప్రియ గారి ప్రశ్నకు అందరి జవాబులూ ఒకచోట చేరుతున్నాయి. 1664 ఘట్టం రాస్తాను.

ఆ మార్చిలో ఇంగ్లండ్ రాజు రెండవ చార్లెస్ ఈ భూమంతటినీ తమ్ముడు యార్క్ డ్యూకుకు రాసిచ్చాడు. అది డచ్చివారి చేతిలో ఉందన్న సంగతి పట్టించుకోలేదు. ఆగస్టు చివర డ్యూకు తరఫున రిచర్డ్ నికల్స్ ఓడలతో వచ్చాడు. ఊళ్ళో దాదాపు 1500 మంది, కోటలో సుమారు 150 మంది సైనికులు. మందుగుండు చాలదు, ధాన్యం చాలదు. కొన్ని వారాల ముందే ‘గిడియన్’ అనే ఓడ 290 మంది బానిసలను తెచ్చి దింపింది. ఆహారం చాలకపోవడానికి అదీ ఒక కారణమని స్టైవెసంట్ తర్వాత తన సంజాయిషీలో చెప్పుకున్నాడు.

నికల్స్ వైపు నుంచి మంచి షరతులతో ఒక ఉత్తరం వచ్చింది. జనం చూస్తే పోరాడరని స్టైవెసంట్ దాన్ని చింపేశాడు. ఊరివాళ్ళు కోటకు వచ్చి, ఉత్తరం చూపించి తీరాలని పట్టుబట్టారు. చివరికి ముక్కలు ఏరి, అతికించి చదివారు. 93 మంది పెద్దలు పోరాటం వద్దని రాసిచ్చారు. అందులో స్టైవెసంట్ సొంత కొడుకు సంతకం ఉంది.

షరతులు చూస్తే వాళ్ళెందుకు రాసిచ్చారో తెలుస్తుంది. ఎవరి ఇల్లూ పొలమూ వారివే. మత స్వేచ్ఛ ఉంటుంది. వారసత్వం డచ్చి ఆచారం ప్రకారమే. ప్రస్తుతానికి ఊరి అధికారులు కొనసాగుతారు. ఇరవై ఏళ్ళుగా కంపెనీ దగ్గర ఒక్కొక్కటీ ప్రాధేయపడి తెచ్చుకున్నవి కొత్తవాడు ఒకే కాగితం మీద రాసిస్తానన్నాడు. కంపెనీ కోసం ప్రాణాలు ఎందుకివ్వాలి? వాళ్ళు పిరికివాళ్ళు కారు. తమకు కావలసింది కాపాడుకున్నారు.

తీరకాంత

ఆ ‘వాళ్ళు’ ఎవరో కూడా చెప్పాలి జెర్సీతెలుగు గారూ. 93 మందిలో ఒక్క స్త్రీ లేదు. గిడియన్‌లో వచ్చిన 290 మంది ఆ ఒప్పందానికి ఆస్తి మాత్రమే. లెనాపేలను ఎవరూ అడగలేదు. బలవంతుడైన కొత్త యజమాని దగ్గర మంచి షరతులు రాబట్టగలిగింది, అప్పటికే ఇల్లూ పొలమూ పేరున ఉన్నవాళ్ళు.

చరిత్రప్రియ

ఇద్దరూ చెప్పింది నిజమే, రెండూ కలిపి చదవాలి. నేను అడిగినదానికి మించి దొరికింది. ఒక్క చివరి ప్రశ్న: ఆ తర్వాత డచ్చి జీవితం ఎన్నాళ్ళు నిలిచింది?

బందరువాసి

చాలాకాలం. 1665లో నికల్స్ బర్గమాస్టర్లను తీసేసి మేయరును, ఆల్డర్‌మన్లను పెట్టాడు. 1667 బ్రేడా సంధిలో ఇంగ్లండ్ న్యూయార్క్ ఉంచుకుంది, డచ్చివారు సురినామ్ ఉంచుకున్నారు. చక్కెర తోటల ముందు బీవర్ తోళ్ళు వారికి ఆనలేదు. 1673 ఆగస్టులో డచ్చి నౌకాదళం ఊరిని మళ్ళీ పట్టుకుని న్యూ ఆరెంజ్ అని పేరు పెట్టింది గానీ, 1674 సంధి ప్రకారం ఆ నవంబరులో తిరిగి అప్పగించారు. స్టైవెసంట్ అప్పటికే పోయాడు. ఆయన హాలండ్‌లో స్థిరపడలేదు. ఇంగ్లీషు పాలనలోనే తన పొలంలో బతికి 1672లో కన్నుమూశాడు. హడ్సన్ లోయ పల్లెల్లో డచ్చి భాష ఇంకో వందేళ్ళకు పైగా నడిచింది. అమెరికా ఎనిమిదవ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ ఇంటి భాష డచ్చి.

కొండవాగు

డచ్చి భాష అధ్యక్షుడి ఒక్కడిదే కాదు, అది చివర చెబుతాను. ముందు బానిసల సంగతి. ఊళ్ళో 1712లో బానిసలు తిరగబడ్డాక ఇంగ్లీషు పాలకులు చేసిన చట్టంలో, ఇకపై విముక్తి పొందే నల్లవారు ఇల్లు గానీ భూమి గానీ సొంతం చేసుకోరాదన్నారు. 1644లో షరతులతోనైనా దక్కినది అలా చట్టంతో మూసేశారు. నేటి బ్రాడ్వే పక్కన 1991లో ప్రభుత్వ భవనానికి పునాదులు తవ్వుతుంటే బయటపడిన ఆఫ్రికన్ల శ్మశానంలో 400కు పైగా అస్థిపంజరాలు దొరికాయి. సగానికి దగ్గరగా పిల్లలవే.

ఇక భాష అడిగారు కనుక: బానిసత్వం మీద పోరాడిన సోజర్నర్ ట్రూత్ 1797 ప్రాంతంలో అల్‌స్టర్ కౌంటీలో ఒక డచ్చి కుటుంబం సొత్తుగా పుట్టింది. ఆమెకు వచ్చిన మొదటి భాష డచ్చి. తొమ్మిదేళ్ళ వయసులో ఇంగ్లీషు మాట్లాడే యజమానికి అమ్మేశారు. వాళ్ళు చెప్పిన పని అర్థం కాక ఒకటి తెమ్మంటే ఇంకొకటి తెచ్చేది. అందుకు కొట్టేవారు. ఆమె జీవితం మీద విడిగా ఒక చర్చ మొదలుపెడుతున్నాను, అందరూ అక్కడికి రండి.